గురువు మళ్లీ శిష్యుడు కావడం

బోధన అనేది ఒకరు మరొకరికి నేర్పగలిగే విద్యేనా? నేర్పగలిగేదే అయితే, పదేళ్లో ఇరవై ఏళ్లో పాఠాలు చెప్పి ఆరితేరిన మనిషికి దాన్ని మళ్లీ నేర్పడం ఎలా కుదురుతుంది? ఉపాధ్యాయ శిక్షణ మీద చర్చ వచ్చినప్పుడల్లా మాట ఎన్ని రోజులు, ఎన్ని మాడ్యూళ్లు, ఎంతమంది హాజరు అన్న లెక్కల దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. ఆ లెక్కల అడుగున ఉన్న ప్రశ్న తాత్త్వికమైనది. మన సంప్రదాయం గురువును దైవం పక్కన నిలబెట్టింది. దైవంతో సమానమైనవాడికి ఇంకా నేర్చుకోవలసింది ఉంటుందా? ఉందని ఒప్పుకుంటే గురుత్వం తగ్గుతుందా, పెరుగుతుందా? నెల్లూరు జిల్లా పడమటి అంచున ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల చిన్న బడుల్లో ఈ ప్రశ్నకు రోజూ ఏదో ఒక జవాబు దొరుకుతూనే ఉంటుంది. ఎక్కువసార్లు ఆ జవాబు మాటల్లో ఉండదు, నల్లబల్ల ముందు జరిగే పనిలో ఉంటుంది.

ఈ విషయంలో ఛాందోగ్యోపనిషత్తు ఐదో అధ్యాయంలో ఒక కథ ఉంది. గురువు గొప్పతనాన్ని చెప్పే కథలంత ప్రచారం దానికి రాలేదు. వేదం చదువుకున్న ఐదుగురు గృహస్థులు ఆత్మ అంటే ఏమిటి, బ్రహ్మం అంటే ఏమిటి అని తమలో తాము తర్కించుకున్నారు. తేలలేదు. వైశ్వానరాత్మను, అంటే అందరిలోనూ ఉన్న విశ్వాత్మను గురించి ఉద్దాలక ఆరుణి అధ్యయనం చేస్తున్నాడని తెలిసి ఆయన దగ్గరికి బయల్దేరారు. వాళ్లు వస్తుండగానే ఉద్దాలకుడికి ఒక సంగతి అర్థమైంది. వీళ్లు అడగబోయే వాటన్నిటికీ తాను జవాబు చెప్పలేడు. ఆయన ఆ మాట దాచలేదు. కేకయ రాజు అశ్వపతికి ఆ విద్య తెలుసు, అందరం కలిసి ఆయన దగ్గరికే పోదాం అన్నాడు. అప్పటికే పేరు మోసిన ఆచార్యుడు మరో ఐదుగురితో పాటు ఆరో శిష్యుడిగా ప్రయాణం కట్టాడు.

రాజు వాళ్లను ఆదరించి, తాను చేయబోయే యాగంలో ఒక్కో ఋత్విక్కుకు ఇచ్చేంత ధనం ఇస్తానన్నాడు. ధనం కోసం రాలేదు, నీకు తెలిసినదాన్ని మాకు చెప్పు అన్నారు. మర్నాడు పొద్దున సమిధలు చేతబట్టుకుని శిష్యుల్లా వచ్చి నిలబడ్డారు. అశ్వపతి వాళ్లకు ఉపనయనం చేయకుండానే పాఠం మొదలుపెట్టాడు. చదువుకున్న పెద్దలను పసిపిల్లల్లా మొదటి మెట్టు దగ్గర నిలబెట్టలేదన్నమాట. పాఠం మొదలుపెట్టిన తీరు మరీ ముఖ్యం. ఒక్కొక్కరినీ, నువ్వు ఇంతవరకు దేన్ని ఆత్మగా ఉపాసిస్తున్నావు అని అడిగాడు. ఒకరు ద్యులోకం అన్నారు, ఒకరు సూర్యుడు అన్నారు, మిగిలినవాళ్లు వాయువు, ఆకాశం, నీరు అన్నారు. ఉద్దాలకుడు భూమి అన్నాడు. ఎవరి జవాబునూ రాజు కొట్టిపారేయలేదు. నువ్వు చెప్పింది ఆ వైశ్వానరాత్మ శిరస్సు, నువ్వు చెప్పింది కన్ను, నువ్వు చెప్పింది ప్రాణం, నువ్వు చెప్పింది పాదాలు అంటూ వాళ్లకు తెలిసినదానికి మొత్తంలో ఒక చోటు చూపించి, ఆ తర్వాతే మొత్తాన్ని చెప్పాడు.

ఆరో అధ్యాయానికి వచ్చేసరికి అదే ఉద్దాలకుడు తన కొడుకు శ్వేతకేతుకు పాఠం చెబుతూ కనిపిస్తాడు. పన్నెండేళ్లు గురుకులంలో చదివి, అంతా తెలుసన్న గర్వంతో ఇంటికొచ్చిన కొడుకు అతను. తండ్రి ఉపన్యాసం ఇవ్వలేదు. మర్రిపండు తెమ్మన్నాడు, పగలగొట్టమన్నాడు, ఏం కనిపిస్తోందని అడిగాడు. లోపలి గింజను పగలగొట్టమన్నాడు, ఇప్పుడేం కనిపిస్తోందని అడిగాడు. మరోసారి ఉప్పుగడ్డను నీళ్లలో వేయించి, తెల్లారాక ఆ నీటిని పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి రుచి చూడమన్నాడు. ఈ రెండు ఘట్టాల్లో ఏది ముందు జరిగిందో ఉపనిషత్తు చెప్పదు. అయినా పక్కపక్క అధ్యాయాల్లో నిలిచిన ఈ ఇద్దరూ ఒకే మనిషి కావడం గమనించదగ్గది. సమిధలు పట్టుకుని శిష్యుడిగా నిలబడగలిగినవాడే పిల్లవాడి చేతికి పండు ఇచ్చి, ఏం కనిపిస్తోందని అడగగలిగాడు. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి కూడా ఇదే దారిలో ఉంది. చదువు ముగించి వెళ్లే శిష్యుడికి గురువు చెప్పే హితవుల్లో స్వాధ్యాయాన్నీ ప్రవచనాన్నీ, అంటే తాను చదువుకోవడాన్నీ ఇతరులకు చెప్పడాన్నీ, రెంటినీ వదలవద్దన్నది ఒకటి. ఆ రెండూ జంటగానే వస్తాయి. మొదటిది ఆగిపోయిన చోట రెండోది అలవాటుగా మిగులుతుంది.

ఈ కొలబద్దతో చూడవలసిన నేల వెలిగొండల తూర్పు వాలులో ఉంది. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, వింజమూరు, కలిగిరి, కొండాపురం మండలాలు ఒక వైపు. మర్రిపాడు, అనంతసాగరం, ఆత్మకూరు, అనుమసముద్రంపేట, చేజర్ల, సంగం మరో వైపు. సోమశిల జలాశయం కింద పెన్న నీళ్లు పారే చోట వరి పండుతుంది. పైకి పోయేకొద్దీ వానమీదా బోరుమీదా ఆధారపడిన చేలు, కలిగిరి, డీసీపల్లి వేలం కేంద్రాలకు చేరే పొగాకు, ఫ్లోరైడ్ నీళ్ల బాధ, పనికోసం ఊరు విడిచి పోయే కుటుంబాలు. ఉదయగిరిలో తెలుగు మాధ్యమం బడులతో పాటు ఉర్దూ బడులు కూడా ఉన్నాయి. ఊళ్లు చిన్నవి కాబట్టి బడులూ చిన్నవే. చాలాచోట్ల ఒకరో ఇద్దరో టీచర్లు ఐదు తరగతులనూ ఒకే గదిలో, మహా అయితే రెండు గదుల్లో నడుపుతారు. పెద్ద బడిలో కొత్తగా చేరిన టీచరు పక్క తరగతి పాఠాన్ని గోడవారనుంచి విని నేర్చుకుంటారు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఆ గోడవార కూడా లేదు. సర్వీసంతా ఒంటరిగా బోధించి, తన పాఠాన్ని మరో ఉపాధ్యాయుడు వినగా చెప్పే అవకాశం రాని వారికి సమిధలు పట్టుకుపోవడానికి ఒక అశ్వపతి ఎక్కడ దొరకాలి?

జిల్లా విద్యా శిక్షణ సంస్థ, అందరూ డైట్ అనేది, ఉన్నది పల్లిపాడులో. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత దేశమంతటా ఇలాంటి సంస్థలు వచ్చాయి. పల్లిపాడుకు అంతకంటే పాత పేరు ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించింది అక్కడే, పెన్న ఒడ్డున. చేతిపనే చదువుకు మాధ్యమం కావాలన్న నయీ తాలీమ్ ఆలోచనను 1937లో వార్ధాలో దేశం ముందు పెట్టిన మనిషి అడుగు పెట్టిన ఊళ్లో ఉపాధ్యాయ శిక్షణ సంస్థ ఉండడం చక్కని కలయిక. కాని పల్లిపాడు జిల్లాకు తూర్పున, సముద్రానికి దగ్గర్లో ఉంది. ఉదయగిరి నెల్లూరు పట్నానికే దాదాపు వంద కిలోమీటర్ల దూరం. ఈ దూరాన్ని పూడ్చడానికే నలభై ఏళ్లుగా రకరకాల ఏర్పాట్లు జరిగాయి.

వాటిలో పేరెన్నికగన్నది బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. 1980లలో ప్రయోగాత్మకంగా మొదలై, తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించి, 1990ల మధ్య దాకా సాగింది. అది ఆరు బోధనా సూత్రాలను టీచర్ల ముందు పెట్టింది. ఉపాధ్యాయుడే అభ్యసన కృత్యాలు తయారుచేయడం, పిల్లలు చేస్తూ కనుక్కుంటూ నేర్చుకోవడం, ఒంటరి పని, జట్టు పని, తరగతి మొత్తం పని మూడూ నడపడం, పిల్లవాడికీ పిల్లవాడికీ ఉన్న తేడాను గమనించడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని ప్రదర్శించి తరగతి గదిని ఆసక్తికరంగా ఉంచడం. పథకంలో భాగంగా పుట్టిన టీచర్ సెంటర్లలో చుట్టుపక్కల బడుల వాళ్లు అప్పుడప్పుడు కలిసి మాట్లాడుకునేవారు. ఆ తర్వాత 1996లో డీపీఈపీ, అంటే జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం వచ్చింది. రాష్ట్రంలో దాన్ని ముందుగా మొదలుపెట్టిన ఐదు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. మండల రిసోర్స్ సెంటర్లు, మండల రిసోర్స్ పర్సన్లు, బోధనాభ్యసన సామగ్రి (టీఎల్ఎం) తయారీకి టీచరుకు ఏటా ఐదువందల రూపాయలు, ఇవన్నీ అప్పటినుంచీ అలవాటైన మాటలు. సర్వశిక్షా అభియాన్‌లో ఆ వరస కొనసాగింది. మండల రిసోర్స్ పర్సన్ పోయి క్లస్టర్ రిసోర్స్ పర్సన్ (సీఆర్పీ) వచ్చాడు, టీచర్ సెంటర్ పోయి స్కూల్ కాంప్లెక్స్ సమావేశం నిలిచింది. 2017లో దీక్షా డిజిటల్ వేదిక, 2019లో దేశవ్యాప్తంగా దాదాపు 42 లక్షల మందిని ఉద్దేశించిన నిష్ఠా శిక్షణ వచ్చాయి. 2020 జాతీయ విద్యావిధానం ఏడాదికి కనీసం 50 గంటల వృత్త్యభివృద్ధి ప్రతి టీచరుకూ ఉండాలంది.

ఆ ఆరు సూత్రాలు మంచివి. ఇవాళ్టికీ వాటిలో ఒక్కదాన్ని తీసేయడానికి లేదు. చిక్కంతా అవి తరగతి గదిలో దిగిన తీరులో ఉంది. కంటికి కనబడే సూత్రాలు త్వరగా అమలయ్యాయి. కనబడనివి ఆలస్యమయ్యాయి. గోడకు గోడకు మధ్య తాడు కట్టి చార్టులు వేలాడదీయడం, పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టడం వారంలో జరిగిపోతుంది. గుండ్రంగా కూర్చున్న పిల్లలు ఎవరికి వారు నల్లబల్లమీది మాటల్నే ఎక్కించుకుంటుంటే జట్టు పని పేరుకు మాత్రమే మిగులుతుంది. ఉదయగిరి చెక్క చెంచాల సంగతే చూడవచ్చు. నర్ది వంటి కొండ చెట్ల కలపతో అక్కడి ఇళ్లల్లో చేసే ఈ చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. స్థానిక పరిసరాల సూత్రం పేరుతో చెంచా బొమ్మను గోడకు అంటించి కింద పేరు రాయడం తేలిక. ఒక దిమ్మలోనుంచి ఎన్ని చెంచాలు వస్తాయి, ఎంత పొట్టుగా పోతుంది, డజను ఇంతకు అమ్మితే ఒక్కోటి ఎంతకు పడుతుంది, ఇవన్నీ ఆ పని చేసే ఇంటి పిల్లచేతే తరగతికి చెప్పించి లెక్క కట్టించడం వేరే పని. మొదటిదానికి జిగురు చాలు. రెండోదానికి ఆ పిల్లకు తనకు తెలియనిది తెలుసునని టీచరు నమ్మాలి. అశ్వపతి అడిగిన మొదటి ప్రశ్న అదే.

శిక్షణ అందే పద్ధతి కూడా ఇందుకు కొంత కారణం. రాష్ట్ర స్థాయిలో కొందరికి, వాళ్లు జిల్లా బృందానికి, జిల్లా బృందం మండలానికి, మండలం టీచర్లకు. మెట్టు మెట్టుకూ మాట పలచబడుతుంది. అంతకంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. జట్టు పనిని గురించి మూడు గంటలు ఉపన్యాసం విన్నవాళ్లు జట్టు పని నేర్చుకోలేరు, ఉపన్యాసం ఇవ్వడమే నేర్చుకుంటారు. పిల్లల్ని ప్రశ్నించనివ్వాలని చెప్పే సమావేశంలో టీచరు ప్రశ్న అడిగితే సమయం మించిపోయిందని కూర్చోబెడితే, బోధన అంటే ఏమిటో ఆ టీచరుకు మరోసారి పాత పాఠమే అందుతుంది. తమకు ఎలా చెప్పారో అలాగే టీచర్లు పిల్లలకు చెబుతారు. శిక్షణలో చెప్పిన విషయం కంటే శిక్షణ జరిగిన తీరే తరగతి గదిలోకి నడిచి వస్తుంది.

ఈ సందర్భంలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బడుల్లోనే జరిగిన ఒక అధ్యయనం ఆలోచింపజేస్తుంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2010లో దాని ఫలితాలను ప్రచురించారు. పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో టీచర్లకు వివరంగా రాసి ఇచ్చారు, తరగతులను అప్పుడప్పుడు చూసి వచ్చారు. ఆ బడుల్లో ఎవరైనా వచ్చి చూస్తున్నప్పుడు టీచర్లు మరింత చురుగ్గా పనిచేశారు. ఏడాది చివర పిల్లల మార్కుల్లో మాత్రం మిగతా బడులకూ వీటికీ తేడా లేదు. సమాచారం అందింది, కళ్లూ ఉన్నాయి, పిల్లల చదువు కదల్లేదు. ఈ ఫలితాన్ని టీచర్ల మీద నేరారోపణగా చదవడం అన్యాయం. లోపం ఎక్కడుందో చెప్పి, దాన్ని సరిదిద్దే దారిలో తోడు నడవకపోతే ఏ వృత్తిలోవాడైనా అక్కడే ఆగుతాడు. తాత్త్వికంగా ఇందులో తేలేది మరొకటి. పరాయి చూపు కోసం చేసే పని ఆ చూపు ఉన్నంతసేపే ఉంటుంది. ఎవరూ లేనప్పుడు, వానాకాలం మధ్యాహ్నం, అన్నం తిన్న పిల్లలు మగతగా ఉన్నప్పుడు టీచరు ఏం చేస్తారన్నదే రోజువారీ బోధన. అది మారాలంటే చూసే కన్ను టీచరులోనే పుట్టాలి.

ఆ కన్ను దేన్ని చూడాలో తెలియడానికి మూడో తరగతి తీసివేత లెక్క ఒకటి చాలు. 52లోనుంచి 27 తీసేయమంటే ఒక పిల్లవాడు పలకమీద 35 వేస్తాడు. శిక్షణ లేని టీచరు, శిక్షణ ఉన్నా అలసిపోయిన టీచరు, తప్పు కొట్టి 25 అని పక్కన రాసి మరో లెక్క ఇస్తారు. పిల్లవాడు 64లోనుంచి 38 తీసి 34 వేస్తాడు. మళ్లీ తప్పు. పక్కన కూర్చుని, ఎట్టా చేసినావురా చెప్పు అని అడిగితే వాడు దాచకుండా చెబుతాడు: ఏడులోనుంచి రెండు పోతే అయిదు సార్, అయిదులోనుంచి రెండు పోతే మూడు. వాడు లెక్క చేయడం రాక తప్పు చేయలేదు. పెద్దదానిలోనుంచి చిన్నది తీయాలి అని రెండో తరగతిలో విన్న మాటను నిక్కచ్చిగా పాటించాడు. పైన ఉన్నది చిన్నదా, కింద ఉన్నది చిన్నదా అని చూడలేదు, అంతే. వాడి తప్పు వెనక ఒక నియమం ఉంది, ఆ నియమం బడిలోనే పుట్టింది. ఈ సంగతి తెలిసిన టీచరు చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టించి, అయిదు కట్టలూ రెండు పుల్లలూ ముందు పెట్టి, ఇరవై ఏడు ఇవ్వమంటారు. రెండే విడిపుల్లలు ఉన్నాయి, ఏడు ఎట్టా ఇచ్చేదని పిల్లవాడే తల గోక్కుంటాడు. కట్ట విప్పాలని వాడికే తోస్తుంది.

చదవడంలోనూ ఇంతే. ఒకటో తరగతి పిల్ల పాఠాన్ని గడగడా అప్పజెబుతుంది, వేలు అక్షరాల వెంట నడుస్తూ ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే నోరు రెండో వాక్యం చివరికి వచ్చేసరికి వేలు ఇంకా మొదటి వాక్యం మధ్యలోనే ఉంటుంది. ఆ పిల్ల చదవడం లేదు, విన్నది గుర్తుంచుకుని చెబుతోంది. ముందు బల్ల దగ్గర నిలబడి వినే టీచరుకు అది చదువులాగే వినిపిస్తుంది. శిక్షణ వల్ల నిజంగా వచ్చే లాభం ఏమిటంటే, ముందు బల్ల దగ్గరనుంచి ఆ వేలి దగ్గరికి నడిచి వెళ్లాలని తోచడం. వెళ్లి చూశాక ఏం చేయాలన్నది, గుణింతాలతో మొదలుపెట్టాలా, తెలిసిన పదాల్లోనుంచి అక్షరాలను విడదీయాలా అన్నది, పుస్తకాల్లోనూ తోటివారి దగ్గరా దొరుకుతుంది.

పిల్లవాడి తప్పును ఇలా చూడడానికి టీచరు మనసులో ఏదో మారాలి. ఏది ముందు మారాలన్న దానిమీద రెండు వాదాలున్నాయి. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి వాదం మొదటిది. బోధించేవాడు ముందు తన్ను తాను తెలుసుకోవాలి, తన భయాలూ అధికార దాహమూ గమనించుకోవాలి, అది లేకుండా ఏ పద్ధతి పట్టుకున్నా పద్ధతి అతన్నే యంత్రం చేస్తుంది అన్నది ఆయన మాటల సారం. రెండో వాదం అమెరికన్ విద్యావేత్త థామస్ గస్కీ 1986లో చెప్పింది. టీచరు నమ్మకాన్ని ఉపన్యాసాలతో మార్చలేమని, ముందు ఒక చిన్న కొత్త పని చేయించాలని, దానివల్ల పిల్లలు నేర్చుకోవడం కళ్లారా చూసినప్పుడు నమ్మకం దానంతట అదే మారుతుందని ఆయన అన్నాడు. పని ముందా, తెలివిడి ముందా అన్న ఈ వివాదం మన తత్త్వశాస్త్రానికి పాతదే. శంకరుడు మోక్షం జ్ఞానంవల్లనే అన్నాడు, కాని కర్మను తోసిపుచ్చలేదు. జ్ఞానం నిలవడానికి చిత్తం శుద్ధి కావాలి, ఆ శుద్ధి కర్మవల్ల వస్తుంది అన్నాడు. బడికి ఈ క్రమమే సరిపోతుంది. పుల్లల కట్టను విప్పించిన టీచరు ఆ రోజు ఒక పద్ధతిని ప్రయోగించారు. పిల్లవాడి ముఖంలో వెలుగు చూసినప్పుడు, ఈ పిల్లలకు రాదులే అని ఏళ్లుగా లోపల పేరుకున్న మాట కొంచెం కరిగింది. కృష్ణమూర్తి కోరిన ఆత్మపరిశీలన అలాంటి క్షణంలో సాధ్యమవుతుంది. ఊరికే కూర్చుని తన్ను తాను తెలుసుకొమ్మంటే ఐదు తరగతులను ఒంటిచేత్తో నడిపే మనిషికి అది మరో భారం. చిత్రమేమంటే, పద్ధతులను అంతగా శంకించిన కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీలోనే, చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడుల కోసం కార్డుల మెట్లతో ఒక బహుళ తరగతి బోధనా పద్ధతి రూపుదిద్దుకుంది. ప్రతి పిల్లా తన మెట్టుమీద తాను నడుస్తుంటే టీచరుకు ఒక్కొక్కరి పక్కనా కూర్చునే తీరిక దొరుకుతుంది. పద్ధతి మనిషిని బంధించగలదు, విడిపించనూగలదు.

పాఠం చెప్పేవారి చూపు మారితే పాఠం ఎంత దూరం పోగలదో ఈ ప్రాంతమే ఒకసారి దేశానికి చూపించింది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరజ్యోతి పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పాఠం చెప్పినవాళ్లు వృత్తి ఉపాధ్యాయులు కారు. కొద్దిపాటి శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలు, చాలామంది ఆ ఊళ్ల యువతీ యువకులే. రాత్రి బడికి వచ్చే కూలి స్త్రీల వాచకాల్లో తాగుబోతు భర్తవల్ల నలిగిపోయిన సీతమ్మ కథ ఒకటి ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠం అక్షరాలు దిద్దించడంతో ఆగలేదు. ఇది మన ఊళ్లో కూడా ఉందా, ఎందుకు ఉంది, ఏం చేయాలి అన్న మాటలు వచ్చాయి. చదువుకున్న ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మ ముందు నిలవగా, ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకున్నారు. 1992లో ఆ ఉద్యమం జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. బ్రెజిల్ విద్యావేత్త పావులో ఫ్రెయిరీ చెప్పింది ఇదే: నేర్చుకునేవాళ్ల బతుకులోనుంచి పదం తీసుకుని, ఆ పదంతో పాటు బతుకునూ చదివించాలి. దూబగుంటలో జరిగినదాన్ని అక్షరాస్యతా శిక్షణ ఒక్కటే తెచ్చిందనడం అతిశయోక్తి అవుతుంది. సారా బాధ ఏళ్ల తరబడి ఇళ్లల్లో ఉంది, ఆడవాళ్ల కోపం అక్కడే ఉంది. పాఠం చెప్పేవాళ్లు ఆ కోపాన్ని బడి బయట వదిలి రమ్మనలేదు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు అప్పటికే ఏదో తెలుసునన్న నమ్మకం పాఠంలో ఉంది. ఆ నమ్మకాన్ని అలవరచడమే ఏ శిక్షణకైనా కష్టమైన భాగం.

ఈ వాదనమీద వచ్చే ఒక ఆక్షేపణ న్యాయమైనది. టీచరు మారాలి, టీచరు నేర్చుకోవాలి అని నిరంతరం అంటూ ఉంటే బడిలో ఉన్న లోపాలన్నీ టీచరు తలమీదే పడతాయి. యాప్‌లలో ఫొటోలు, హాజరు, భోజనం లెక్కలు, సర్వేలు, ఎన్నికల పనులు ఉన్న చోట పిల్లవాడి వేలి దగ్గరికి నడిచే సమయం ఎక్కడిది? ఈ మాటలో నిజం ఉంది. ఉద్దాలకుడు కూడా కేకయ రాజు దగ్గరికి ప్రయాణం కట్టడానికి, మర్నాటి దాకా ఆగడానికి తీరిక ఉన్నవాడు. స్వాధ్యాయానికి కాలం కావాలి, ఆ కాలాన్ని కల్పించవలసింది టీచరు కాదు, వ్యవస్థ. ఏడాదికి 50 గంటలన్న నిర్ణయం ఆ కాలాన్ని గుర్తించినందుకు మంచిదే. ఆ గంటలు రాత్రిపూట సిగ్నల్ సరిగ్గా అందని ఫోన్‌లో వీడియోలు నడిపి, చివర ప్రశ్నలకు టిక్కులు పెట్టి సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి పోతే మాత్రం అవి స్వాధ్యాయం లెక్కలోకి రావు. వీడియో ఒక మంచి పాఠాన్ని సీతారామపురం దాకా తేగలదు. ఆ పాఠం విన్నాక మన పిల్లలతో ఇది ఎక్కడ తేడా కొడుతుందని అడగడానికి పక్కన ఒక మనిషి ఉండాలి.

ఆ మనిషి దొరికే చోటు స్కూల్ కాంప్లెక్స్ సమావేశం. పక్కపక్క బడులను ఒక ఉన్నత పాఠశాల చుట్టూ జతచేయాలని కొఠారి కమిషన్ 1964-66లోనే సూచించింది. దూరం తక్కువ, అందరికీ అందరూ తెలుసు, పిల్లలూ ఒకే రకం ఊళ్లనుంచి వస్తారు. ఈ సమావేశం సర్క్యులర్లు చదవడానికి, వివరాలు నింపించుకోవడానికి పోతే పోతుంది. లేదంటే ఒక్క పని చేయవచ్చు. ఇద్దరు టీచర్లు తమ పిల్లలు తప్పుగా చేసిన పలకలూ నోటుపుస్తకాలూ తెచ్చి బల్లమీద పెట్టాలి. పిల్ల ఎందుకు అలా చేసిందో మిగతావాళ్లు ఊహించాలి. ఏం చేస్తే బాగుంటుందో ఒక్కటి నిర్ణయించుకోవాలి. వచ్చే నెల ఏం జరిగిందో చెప్పాలి. జపాన్‌లో టీచర్లు ఒకే పాఠాన్ని కలిసి తయారుచేసి, ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు వెనక నిలబడి టీచర్ని కాక పిల్లల్ని గమనించి, తర్వాత కూర్చుని మాట్లాడుకునే ఆచారం దశాబ్దాలుగా ఉంది. అక్కడా ఇక్కడా సూత్రం ఒకటే. అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లలో గమనించిందీ ఇదే. చెప్పడం, చూపించడం, చేయించడం అయ్యాక, తరగతి గదిలో తోటివారి సాయం కొంతకాలం కొనసాగితేనే కొత్త పద్ధతి అక్కడ నిలబడుతుంది. మండల స్థాయిలో బాగా బోధిస్తారని పేరున్న టీచర్లు ప్రతి ప్రాంతంలోనూ ఉంటారు. వాళ్లను ఉపన్యాసకులుగా వేదిక ఎక్కించేకంటే, వాళ్ల తరగతిలో ఒక పూట కూర్చునే వీలు మిగతావారికి కల్పిస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది.

సీఆర్పీ, మండల విద్యాధికారి (ఎంఈఓ), డైట్ అధ్యాపకులు బడికి వచ్చే తీరు కూడా దీనితో ముడిపడి ఉంది. రిజిస్టర్ అడిగే మనిషి వచ్చిన రోజు టీచరు చురుగ్గా ఉంటారు, అధ్యయనంలో తేలినట్టుగా. అదే మనిషి ఒక జట్టు పిల్లల పక్కన నేలమీద కూర్చుని, టీచరుతో కలిసి ఆ తీసివేత లెక్క చూసి, రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చి ఆ పిల్లవాడు ఎట్టా ఉన్నాడని అడిగితే ఆ రాకకు అర్థం మారుతుంది. అశ్వపతి తన దగ్గరికొచ్చిన పెద్దలకు శిష్యులుగా దీక్ష ఇచ్చి వాళ్లను కిందికి దించలేదన్న సంగతి ఇక్కడ పనికొస్తుంది. అనుభవం ఉన్న పెద్దలకు నేర్పేవాడు వాళ్ల అనుభవాన్ని అడిగి మొదలుపెట్టాలి. ఇరవై ఏళ్ల సర్వీసున్న టీచరుకు ఒకటో తరగతి పిల్లల గురించి తెలిసింది ఏ మాడ్యూల్‌లోనూ ఉండదు. దాన్ని బయటికి రప్పించి, దానికి చోటు చూపించి, అందులో తక్కువ పడినదాన్ని కలపడమే శిక్షకుడి పని. మంచి పుస్తకం కూడా అలాంటి శిక్షకుడే. గుజరాత్ విద్యావేత్త గిజుభాయి రాసిన దివాస్వప్న తెలుగులో పగటికలగా, జపాన్ బడి కథ తొత్తోచాన్ రైలుబడిగా వచ్చి ఎందరో టీచర్ల చేతికి చేరాయి. కాంప్లెక్స్ సమావేశంలో అరగంట ఇలాంటి పుస్తకంలోని ఒక ఘట్టాన్ని చదివి మాట్లాడుకోవడానికి ఖర్చేమీ కాదు.

మిగిలింది ఒక చిన్న ఏర్పాటు. ఇద్దరు ముగ్గురు టీచర్లున్న బడిలో ఒకరు శిక్షణకు వెళితే మిగతావాళ్లు సర్దుకుంటారు. ఏకోపాధ్యాయ పాఠశాలలో శిక్షణ అంటే ఆ రోజుకు బడి మూతబడడమే. సెలవుల్లో పెడితే ఆ బాధ లేదు గాని, పిల్లలు లేని కాలంలో నేర్చుకున్నది జూన్ వచ్చేసరికి చెదిరిపోతుంది. అందువల్ల కాంప్లెక్స్‌కు ఒక అదనపు టీచరును ఇచ్చి, శిక్షణ రోజుల్లో ఆ ఒంటరి బడులను వంతులవారీగా నడిపించాలి. మామూలు రోజుల్లో అదే టీచరు ఒక్కో బడిలో రెండో మనిషిగా కూర్చోవచ్చు. మర్రిపాడు, సీతారామపురం కొండవాలు ఊళ్ల టీచరు తన పాఠాన్ని మరొకరు వినగా చెప్పే రోజు అప్పుడు వస్తుంది.